చచ్చినంత పని

బ్యాంకు ఉద్యోగంలో చేరినవాడికి మొదటి నెలలోనే పరిచయమయ్యే మాట 'మోర్ట్‌గేజ్'. అంటే తనఖా. ఇంటి దస్తావేజులు పెట్టుకుని అప్పివ్వడం. ఆ తరువాత కొన్నాళ్ళకు 'అమోర్టైజేషన్' అనే మరో మాట ఎదురవుతుంది. అంటే అప్పును వాయిదాల మీద తీర్చుకుంటూ పోవడం. ఈ రెండు మాటల పుణ్యాన ముప్పై ఏళ్ళుగా అన్నం తింటున్న నాకు వీటి తోడబుట్టిన మాట ఇంకొకటి వుందనీ, దానికి డబ్బుతో కాక సిగ్గుతో సంబంధమనీ తెలిసినప్పుడు ఆసక్తి కలిగింది. ఆ మాట 'మోర్టిఫికేషన్'. మూడింటికీ ముందున్న 'మోర్ట్' ఒక్కటే. లాటిన్ భాషలో దానికి అర్థం చావు.

ఈనాటి ఇంగ్లీషులో 'ఐ వజ్ మోర్టిఫైడ్' అంటే 'సిగ్గుతో చచ్చిపోయాను' అని అర్థం. మామూలు సిగ్గు కాదు. పదిమందిలో తల కొట్టేసినట్లయిన సిగ్గు. ఆ మాటను తెలుగులో ఎలా చెప్పాలా అని నిఘంటువు వెతకనక్కర్లేదు. మన అమ్మమ్మలు ఎప్పుడో చెప్పేశారు: "చచ్చినంత పనైందే అమ్మా!"

ఇంగ్లీషువాడు చచ్చినంత పనైన చోటే తెలుగువాడికీ చచ్చినంత పనైంది. ఇది కాకతాళీయమా? కొంచెం లోపలికి వెళ్ళి చూద్దాం. నేను భాషాశాస్త్రవేత్తను కాను. చదివింది బి.కాం. అయితే పద్దులు సరిచూడడం నా వృత్తి. మాటల పద్దులు కూడా అలాగే చూశాను.

సిగ్గులో ఎన్ని రకాలు!

ఇంగ్లీషులో సిగ్గుపడడానికి మెట్లు వున్నాయి. అడుగు మెట్టు 'ఎంబరాస్‌మెంట్'. ఇది ఫ్రెంచి భాష నుంచి వచ్చింది. మొదట్లో దారికి అడ్డం పడడం అనే అర్థం వుండేది. అందుకే అప్పుల్లో చిక్కుకున్నవాడిని కూడా 'ఆర్థికంగా ఎంబరాస్ అయ్యాడు' అనేవారు. అదే మాటకు చుట్టమైన స్పానిష్ మాట 'ఎంబరసాదా'కు మాత్రం 'గర్భవతి' అని అర్థం. స్పెయిన్‌లో ఎవరైనా ఆడపిల్ల తెలియక 'నాకు సిగ్గుగా వుంది' అనబోయి ఆ మాట వాడితే, అప్పుడు నిజంగానే సిగ్గుపడాల్సి వస్తుంది!

ఆ పైమెట్టు 'హ్యుమిలియేషన్'. లాటిన్‌లో 'హ్యూమస్' అంటే నేల. మనిషిని నేలకు దించడం అన్నమాట. మనం 'తలవంపులు' అనడంలోనూ, 'భూమి చీలితే లోపలికి పోదును' అనడంలోనూ వున్నది ఆ నేలే. అన్నిటికన్నా పైమెట్టు 'మోర్టిఫికేషన్'. అక్కడ మనిషి నేలకు దిగడంతో ఆగదు. లోపల ఏదో ఒకటి చచ్చిపోతుంది.

తెలుగులో మెట్లు ఇంకా ఎక్కువ. సిగ్గు వేరు, బిడియం వేరు. మొహమాటం ఆ రెండూ కాదు. దాన్ని ఇంగ్లీషులో ఒక్క మాటలో చెప్పమంటే ఎవరికైనా కష్టమే. చిన్నతనం, నామోషీ, తలవంపు, నగుబాటు, పరాభవం - ఇవన్నీ వేరు వేరు బరువులు. 'నామోషీ'కి తోబుట్టువు షోలాపూర్ పాఠకులకు తెలుసు, మరాఠీ 'నాముష్కీ'. 'నగుబాటు'లోని 'నగు' బెంగళూరు, హోసూరు పాఠకులకు రోజూ వినబడేదే. కన్నడంలో నవ్వడాన్ని ఇప్పటికీ 'నగు' అనే అంటారు. తమిళంలో 'నగై' వుంది. మనం మాత్రం 'నవ్వు' అనేసి, పాత 'నగు'ను నగుబాటు లాంటి మాటల్లో దాచుకున్నాం. అంటే పదిమంది నవ్వడమే నగుబాటు. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో అవసరపడుతుంది.

సిగ్గుపడిన మొహం ఎలా వుంటుందో ఛార్లెస్ డార్విన్ శ్రద్ధగా పరిశీలించాడు. మనుషులూ జంతువులూ భావాలను ఎలా వ్యక్తం చేస్తారన్న విషయం మీద 1872లో ఆయన రాసిన పుస్తకంలో, మొహం ఎర్రబడడానికి ఒక అధ్యాయమే కేటాయించాడు. అన్ని భావాల్లోకీ మనిషికే ప్రత్యేకమైనది ఇదేనన్నాడు. ఎదుటివాళ్ళు మన గురించి ఏమనుకుంటున్నారో అన్న ఆలోచనే దానికి మూలమన్నాడు. మనవైపు మొహం ఎర్రబడడం కన్నా మాడిపోవడం ఎక్కువ. 'మొహం మాడిపోయింది', 'వెలవెలబోయింది', 'కత్తివేటుకు నెత్తుటిచుక్క లేదు' అంటాం. చివరి మాటలో మళ్ళీ చావే.

మృత్యువుకు చుట్టరికం

1786లో కలకత్తాలో సర్ విలియం జోన్స్ ఒక ప్రసంగం చేశాడు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి పుట్టి వుంటాయని అందులో అన్నాడు. ఆ తరువాత పండితులు దాన్ని నిరూపించారు. లాటిన్ 'మోర్స్', సంస్కృత 'మృత్యువు' ఒక ఇంటి బిడ్డలే. 'మోర్టల్', 'మర్త్యుడు' కూడా అంతే. ఇంగ్లీషు 'మర్డర్' సైతం ఆ వంశమే. కనుక 'మోర్టిఫికేషన్' అన్నప్పుడు మనకు తెలియకుండానే మన 'మరణాన్ని' పలుకుతున్నాం.

అయితే తెలుగు 'చావు' ఆ కుటుంబంలోది కాదు. తెలుగు, తమిళం, కన్నడం వేరే కుటుంబమని 1816లో మద్రాసులో ఫ్రాన్సిస్ ఎల్లిస్ చూపించాడు. క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందు చేర్చిన వ్యాసంలో ఆ సంగతి అచ్చయింది. మన 'చావు'కు తమిళంలో 'సావు', కన్నడంలో 'సావు' వున్నాయి. అంటే రక్తసంబంధం లేని రెండు భాషాకుటుంబాలు సిగ్గును చావుతోనే పోల్చుకున్నాయి. మాటను ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోలేదు. అనుభవం ఒకటే కాబట్టి పోలికా ఒకటే అయింది.

ఇంగ్లీషులో ఈ క్రియ 14వ శతాబ్దం చివరి నుంచీ వుంది. 'సిగ్గుతో చచ్చిపోవడం' అనే అర్థం మాత్రం 17వ శతాబ్దంలో వచ్చింది. అంతకు ముందు మూడు వందల ఏళ్ళు ఆ మాట వేరే పనులు చేసింది. ఆ పనుల్లో నాలుగింటిని చెబుతాను.

మనసు చంపుకోవడం

మొదటిది మతానికి సంబంధించినది. శరీరం కోరే కోరికలను ఉపవాసంతో, జాగరణతో, కష్టంతో అణచడాన్ని క్రైస్తవ సన్యాసులు 'మోర్టిఫికేషన్' అన్నారు. కొందరు లోపల మేకవెంట్రుకలతో నేసిన గరుకు చొక్కా వేసుకునేవారు. కాంటర్‌బరీ ఆర్చిబిషప్ థామస్ బెకెట్‌ను 1170 డిసెంబర్ 29న ఆయన చర్చిలోనే చంపారు. శవాన్ని సిద్ధం చేస్తున్నప్పుడు పై వస్త్రాల కింద అలాంటి చొక్కా కనిపించింది. బతికుండగా ఆ సంగతి ఆయన చాటుకోలేదు. ఇక్కడ సిగ్గు లేదు, తనంతట తాను ఎంచుకున్న కష్టం వుంది.

మనకు ఇది కొత్త కాదు. తపస్సులూ ఏకాదశి ఉపవాసాలూ వున్న దేశం మనది. శరీరాన్ని అతిగా హింసించుకుని చూసి, అది దారి కాదని మధ్యేమార్గం చెప్పిన బుద్ధుడూ ఈ దేశంలో బోధించినవాడే. ఆయన వద్దన్న దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చినవారు 'సెల్ఫ్ మోర్టిఫికేషన్' అన్నారు.

తెలుగు వాడుకలో దీనికి సరిగ్గా అతికే మాట 'మనసు చంపుకోవడం'. 'అభిమానం చంపుకుని అడిగాను' అంటాం. బ్యాంకులో నా కుర్చీకి ఎదురుగా కూర్చునే మనుషుల్లో సగంమంది ఆ పని చేసే లోపలికి వస్తారు. కూతురి పెళ్ళికి అప్పు అడగడానికి వచ్చిన పెద్దమనిషి ముందు పావుగంట వానల గురించి మాట్లాడతాడు. ఆ పావుగంటా చంపుకునేందుకు పట్టే సమయమని తెలుసుకోవడం ఒక అధికారికి మొదటి పాఠం.

చచ్చుబడిన అవయవం

రెండో అర్థం వైద్యానిది. రక్తప్రసరణ ఆగి శరీరంలో ఒక భాగం కుళ్ళిపోవడాన్ని, ఇప్పుడు మనం 'గ్యాంగ్రీన్' అంటున్నదాన్ని, పాత వైద్యులు 'మోర్టిఫికేషన్' అనేవారు. ఆ రోజుల్లో శస్త్రచికిత్స బాగా జరిగినా పుండు చీము పట్టి రోగి పోవడం సాధారణం. గాయాన్ని కార్బాలిక్ ఆమ్లంతో శుభ్రం చేస్తే ప్రాణాలు నిలుస్తాయని జోసెఫ్ లిస్టర్ 1867లో ప్రకటించాక పరిస్థితి మారింది. మాట కూడా మెల్లగా ఆసుపత్రి వదిలి వెళ్ళిపోయింది.

తెలుగులో 'చెయ్యి చచ్చుబడింది' అంటాం. మళ్ళీ అదే పోలిక. ఇందులో మనం గమనించాల్సింది ఒకటుంది. మధుమేహం బాగా ముదిరినవాళ్ళ పాదాల్లో ముందు పోయేది స్పర్శ. ముల్లు గుచ్చుకున్నా తెలియదు. నొప్పి లేదు కాబట్టి పట్టించుకోరు. తీరా చూసేసరికి వేలు తీసేయాల్సి వస్తుంది. అందుకే వైద్యులు రోజూ పాదాలు చూసుకోమంటారు. నొప్పి వున్నంతవరకు ఆ భాగం బతికి వున్నట్టే. నొప్పి తెలియకపోవడమే ప్రమాదం. సిగ్గు విషయంలోనూ అంతే అనిపిస్తుంది నాకు. మాటకు చివుక్కుమనే పిల్లవాడి గురించి అంత భయం లేదు. ఏమన్నా పట్టనట్టు వుండడం నేర్చుకున్న పిల్లవాడి గురించి భయపడాలి.

పాదరసాన్ని చంపడం

మూడోది రసవాదానిది. పాదరసాన్ని ఇంగ్లీషులో 'క్విక్ సిల్వర్' అంటారు. పాత ఇంగ్లీషులో 'క్విక్' అంటే ప్రాణమున్నది. పరుగెత్తే ఆ వెండిని గట్టిపరచడాన్ని 'మోర్టిఫై' చేయడమన్నారు. 14వ శతాబ్దపు కవి ఛాసర్ కాంటర్‌బరీ కథల్లో ఒక రసవాది వుంటాడు. పాదరసాన్ని చంపి వెండి చేస్తానని ఒక పూజారిని నమ్మించి, ఆ రహస్యాన్ని నలభై పౌండ్లకు అమ్మి మాయమవుతాడు. ఆరు వందల ఏళ్ళ క్రితంనాటి మోసం. ఇప్పుడు ఫోనులో వచ్చే 'మీ డబ్బు నెలలో రెట్టింపు' కబురుకు పెద్దగా తేడా ఏమీ లేదు. మోసపోయినవాళ్ళు అప్పుడూ ఇప్పుడూ సిగ్గుతో బయటికి చెప్పరు. మోసగాడి పెట్టుబడి ఆ సిగ్గే. అలాంటిది జరిగితే నామోషీ అనుకోకుండా వెంటనే బ్యాంకుకు చెప్పండి, 1930 నంబరుకు ఫోను చేయండి. ఆలస్యమైన ప్రతి గంటా దొంగకే లాభం.

ఇక మన ఆయుర్వేదంలో సరిగ్గా ఇదే మాట వుంది. లోహాలను శుద్ధిచేసి, పుటం పెట్టి, భస్మం చేయడాన్ని 'మారణం' అంటారు. చంపడమనే అర్థం. భస్మం సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి శాస్త్రంలో పరీక్షలున్నాయి. నీటిమీద తేలాలి. వేళ్ళ మధ్య రాస్తే చర్మపు గీతల్లోకి దిగాలి. తిరిగి లోహంగా మారకూడదు, దాన్ని 'అపునర్భవం' అన్నారు. చంపితే మందవుతుందన్న ఆలోచన ఇక్కడిది. వైద్యుడు లేకుండా ఆ మందులు వాడడం మంచిది కాదు గాని, ఆలోచన మాత్రం ముచ్చటగా వుంది. ఒక అవమానాన్ని పుటం పెట్టుకుని మందుగా మార్చుకున్నవాళ్ళు మన కుటుంబాల్లో లేకపోలేదు. 'నీకు లెక్కలు రావు' అన్న మాట పడి, తరువాత లెక్కల మాస్టారైనవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఒకరుంటారు. అయితే దానికి నిప్పు ఎంత పెట్టాలో తెలియాలి. ఎక్కువైతే మిగిలేది బూడిదే.

మాన్యమూ, మోర్టిఫికేషనూ

నాలుగోది నాకు అన్నిటికన్నా నచ్చింది. స్కాట్లండ్ న్యాయశాస్త్రంలో ధర్మకార్యానికి శాశ్వతంగా భూమినో సొమ్మునో రాసివ్వడాన్ని 'మోర్టిఫికేషన్' అన్నారు. ఒకసారి అలా రాసిస్తే ఆ భూమి మళ్ళీ చేతులు మారదు, వారసులకు రాదు. వ్యవహారం దృష్టిలో అది చచ్చిన ఆస్తి. ఇంగ్లండులో దీనికి 'మోర్ట్‌మెయిన్' అని పేరు. మృతహస్తం అన్నమాట. చర్చిలకు పోయిన భూముల మీద ప్రభువులకు రావలసినవి రాకుండా పోతున్నాయని మొదటి ఎడ్వర్డు 1279లో దాన్ని అరికడుతూ శాసనం చేశాడు.

మన దేశంలోనూ గుడికీ, సత్రానికీ, పండితుడికీ పన్ను లేకుండా భూములిచ్చేవారు. మనవాళ్ళు దాన్ని ఏమన్నారు? మాన్యం. 'మాన్య' అంటే గౌరవించదగినది. చేసిన పని ఒకటే. పేరు పెట్టేటప్పుడు అక్కడివాళ్ళు లెక్కల పుస్తకం చూసి చావు అన్నారు, ఇక్కడివాళ్ళు పుచ్చుకున్నవాడిని చూసి మానం అన్నారు. మాన్యాల చరిత్ర అంతా మంచిదేనని నేననను. తగాదాలూ, అన్యాక్రాంతాలూ ఎన్నో వున్నాయి. పేరు మాత్రం బాగుంది.

చావవలసింది అప్పు

ఇప్పుడు నా ఇలాకాకు వస్తాను. 'మోర్ట్‌గేజ్' అంటే పాత ఫ్రెంచిలో చచ్చిన తాకట్టు. యానాం పాఠకులలో ఫ్రెంచి వచ్చిన పెద్దలకు ఈ మాట విడదీసి చెప్పనక్కర్లేదు. దీని అర్థాన్ని ఎడ్వర్డ్ కోక్ అనే న్యాయకోవిదుడు 1628 నాటి గ్రంథంలో వివరించాడు. అప్పు తీర్చకపోతే ఆస్తి అప్పుతీసుకున్నవాడి వరకు చచ్చినట్టు. తీరిస్తే తాకట్టు అప్పిచ్చినవాడి వరకు చచ్చినట్టు. ఎటు చూసినా ఒక చావు తప్పదు. ఏది చావాలన్నదే ప్రశ్న.

'అమోర్టైజేషన్' ఆ ప్రశ్నకు జవాబు. అప్పును కొంచెం కొంచెంగా చంపడం. ఉదాహరణకు లక్ష రూపాయలు 12 శాతం వడ్డీకి పదేళ్ళకు తీసుకుంటే నెలకు సుమారు 1,435 రూపాయలు కట్టాలి. మొదటి నెల అందులో 1,000 రూపాయలు వడ్డీకే పోతుంది, అసలు తగ్గేది 435 మాత్రమే. చివరి నెలలో వడ్డీ 14 రూపాయలు, మిగతాదంతా అసలే. మొదట్లో ఏమీ తగ్గడం లేదని దిగులుపడే ఖాతాదారులకు నేను ఈ పట్టిక చూపిస్తాను. మొదట అప్పు మొండిగా చస్తుంది, చివర్లో త్వరగా చస్తుంది.

అయితే అప్పుకు బదులు మనిషి అభిమానాన్ని చంపే పద్ధతి ఒకటుంది. నేను మహారాష్ట్రలో పనిచేస్తున్న రోజుల్లో ఒక పెద్దాయన వచ్చేవారు. మగ్గం మీద బతికిన తెలుగు కుటుంబం. రెండు వాయిదాలు తప్పాయి. నా దగ్గరకు వచ్చి గొంతు తగ్గించి ఆయన అడిగింది గడువు కాదు. "బాబూ, నోటీసు పంపేదేదో కవర్లో పెట్టి అంటించి పంపండి. కార్డు మీద వద్దు. మా వీధిలో అందరికీ చదువొచ్చు." అలాగే పంపించాను. నాలుగు నెలల్లో బాకీ కట్టేశారు. కార్డు మీద పంపి వుంటే ఏమయ్యేదో చెప్పలేను గాని, ఆయన మళ్ళీ మా గడప తొక్కేవారు కాదని మాత్రం చెప్పగలను.

ఈ సంగతి ఇప్పుడు నియమంగానే వుంది. అప్పు వసూళ్ళలో వేధింపు కూడదని రిజర్వు బ్యాంకు 2003లోనే చెప్పింది. 2022 ఆగస్టులో ఇంకా స్పష్టంగా చెప్పింది. బాకీదారును నలుగురిలో అవమానించకూడదు, అతని కుటుంబంవారినీ స్నేహితులనూ ఇబ్బంది పెట్టకూడదు, వసూలు కోసం ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 గంటల తరువాత ఫోను చేయకూడదు. మన పాఠకులలో ఎవరికైనా అలాంటి ఇబ్బంది వస్తే బెదరనవసరం లేదు. తేదీ, సమయం రాసిపెట్టుకుని ముందు బ్యాంకుకు, అక్కడ పని జరగకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. అప్పు తీర్చడం మన బాధ్యత. అవమానం అందులో వాయిదా కాదు.

నవ్విన సభ

సిగ్గుతో చావడం ఎంతదూరం పోతుందో భారతం చెప్పింది. మయసభలో నేలను నీరనుకుని, నీటిని నేలనుకుని దుర్యోధనుడు పడ్డాడు. చుట్టూ నవ్వులు. 1977లో వచ్చిన 'దానవీరశూర కర్ణ'లో రామారావుగారి మయసభ ఘట్టం చూడని తెలుగువాడు అరుదు. వ్యాసుడి కథలో ఆ తరువాత దుర్యోధనుడు శకునితో అన్నది గమనించండి. నిప్పులో దూకుతాను, విషం తాగుతాను, నీళ్ళలో పడతాను, ఇక బతకలేనన్నాడు. పక్కవాడి సంపద చూసిన అసూయకు ఈ నవ్వు తోడైంది. జూదం, అడవి, యుద్ధం తరువాతి సంగతులు. అతని దుర్మార్గాన్ని నేను వెనకేసుకు రావడం లేదు. కానీ జారిపడ్డవాడిని చూసి నవ్వకుండా వుండడం కష్టమైన పనేమీ కాదు.

ఎర్వింగ్ గాఫ్‌మన్ అనే సమాజశాస్త్రవేత్త 1956లో ఇబ్బందిపడడం గురించే ఒక వ్యాసం రాశాడు. ఒకడు ఇబ్బందిపడితే అది ఆ ఒక్కడి సంగతి కాదు, చుట్టూ వున్నవారందరి సంగతి. వాళ్ళు చూడనట్టుంటే అతను తేరుకుంటాడు. ఇందులో పెద్ద శాస్త్రం లేదనిపించవచ్చు. మన ఇళ్ళలో విస్తరి ముందు పిల్లవాడు నీళ్ళు ఒలకబోస్తే 'ఏం ఫరవాలేదు, శుభం' అనే పెద్దలు ఆ వ్యాసం చదవలేదు.

మన పిల్లల తెలుగు

ఇదంతా ఎందుకు రాశానంటే, మనలాంటి కుటుంబాల్లో రోజూ జరిగే ఒక చిన్న మోర్టిఫికేషన్ వుంది.

మూడేళ్ళ క్రితం కృష్ణా జిల్లాలో మా బంధువుల పెళ్ళికి హోసూరు నుంచి ఒక కుటుంబం వచ్చింది. వాళ్ళ పదేళ్ళ అమ్మాయి చురుకైనది. విడిదింట్లో ఎవరో ఎక్కడికమ్మా అంటే "ఆడికి పొయ్యొస్తా ఉండాను" అంది. నలుగురు నవ్వారు. చెడ్డవాళ్ళు కాదు. ముచ్చటపడే నవ్వారు. "మళ్ళీ చెప్పు, మళ్ళీ చెప్పు" అని మూడుసార్లు చెప్పించారు. మూడోసారికి ఆ పిల్ల మొహం చిన్నబోయింది. ఆ తరువాత రెండు రోజులు ఇంగ్లీషు తప్ప మాట్లాడలేదు. వాళ్ళ నాయనమ్మకు ఇంగ్లీషు రాదు. ఆవిడ అడిగిన వాటికి తల వూపడమే.

తిరుగు రైల్లో నేను మెల్లగా అడిగాను. "ఇంగ్లీషులో తప్పు వస్తే సరిచేస్తారు అంకుల్. తెలుగులో తప్పు వస్తే నవ్వుతారు" అంది. ఇంకేమీ అనలేదు, కిటికీ వైపు తిరిగింది.

నిజానికి ఆ అమ్మాయి మాట తప్పు కాదు. 'పోతా ఉండాను', 'వస్తా ఉండాను' అనేవి హోసూరులోనూ, చిత్తూరు వైపూ తరతరాలుగా ఇళ్ళల్లో పలికే తెలుగు. బరంపురం తెలుగుకు ఒక యాస, షోలాపూర్ తెలుగుకు ఒక యాస. బరంపురం 1936 దాకా మద్రాసు రాష్ట్రంలో వున్న ఊరే. సరిహద్దు గీతలు మారాయి, మనుషులు కదలలేదు. తమిళనాడులో 2006 చట్టం తరువాత బడిలో తమిళం తప్పనిసరి అయ్యాక చాలామంది పిల్లలకు తెలుగు ఇంట్లోనే మిగిలింది. అక్కడ కూడా నవ్వుకు భయపడి నోరు మూసుకుంటే ఇక ఎక్కడా లేదు. పాదంలో స్పర్శ పోయినట్టు ముందు సిగ్గు పోతుంది. 'నాకు తెలుగు రాదు' అని నదురూ బెదురూ లేకుండా చెప్పే రోజు వస్తుంది. ఆ రోజున ఎవరికీ నొప్పి వుండదు.

పిల్లల్ని ఎలా పెంచాలో చెప్పేంత వాణ్ణి కాను. నాకు పనికొచ్చినవి రెండు మూడు చెబుతాను. పిల్లలు అన్న మాటను నలుగురి ముందు మళ్ళీ చెప్పించకండి. తప్పుంటే ఎత్తిచూపకుండా, అదే మాటను సరిగా వాడి జవాబివ్వండి. 'పుస్తకం వచ్చాడు' అంటే 'పుస్తకం వచ్చిందా, ఏదీ చూపించు' అనండి, చాలు. యాసను తప్పుల జాబితాలో వేయకండి. ఊరికి వెళ్ళేముందు అక్కడి బంధువులకు ఒక మాట చెప్పి వుంచండి. వాళ్ళు కోపగించుకోరు, ఇంతవరకు ఎవరూ చెప్పలేదు కాబట్టే నవ్వారు.

ఉగాదినాడు మన ఇళ్ళలో పంచాంగం చదవడం పెద్దల పనిగా వుంటుంది. ఈసారి ఆ నాలుగు పంక్తులు ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్ళ చేత చదివించండి. ఒత్తులు తప్పుతాయి, 'కందాయ ఫలాలు' దగ్గర తప్పకుండా ఆగిపోతారు. ఆ క్షణంలో పెద్దలకు చెయ్యడానికి వేరే పని వుంది. పచ్చడిలో వేపపువ్వు సరిపోయిందో లేదో చూసుకోవచ్చు.